పెట్టుడు పన్నని తెలిసిపోతుందా?

తమ్ముడూ, నువ్వడిగింది ఒక్క ముక్క: ముందు పన్ను పోయింది, ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ దించి దానిమీద కట్టే పన్ను) పెట్టిస్తే జనం పట్టేస్తారా అని. సరిగ్గా చేస్తే పట్టలేరు. నాదీ పై వరస ముందు పన్నే. రెండిట్లో ఏది అసలుదో మా ఆఫీసులో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. కాకపోతే ఇది నా రెండో క్యాపు, అంటే స్క్రూ మీద తొడిగే పైపన్ను. మొదటిదైతే గది అవతలి నుంచే దొరికిపోయేది. ఇన్సూరెన్సు ఎంత ఇస్తుంది, ఎన్నాళ్లు ఆగాలి అనేవి నీ పాలసీ కాగితాల్లో ఉంటాయి, ఓపిగ్గా చదువుకో. అందులో ఉండని సంగతులు నేను చెబుతాను.

ఇక్కడికి వచ్చిన ఏడాదే నా పన్ను వేరు చిట్లింది, పీకేశారు. తర్వాత చూద్దాంలే అని ఏడాదిన్నర వదిలేశాను. ఉన్నది ఒక్కణ్ణి, ఎవరి ముందు నవ్వాలి గనక? అదే నా మొదటి తప్పు. పన్ను పోతే దాన్ని పట్టుకున్న ఎముకకి పనుండదు, కరగడం మొదలుపెడుతుంది. మొదటి ఏడాదిలోనే వెడల్పు సగం దాకా పోవచ్చు. ఎముక పోయిన చోట చిగురు కుంగుతుంది. అక్కడ ఎంత మంచి పన్ను కట్టినా పక్కదానికన్నా పొడుగ్గా, అరువు తెచ్చుకున్నట్టు కనిపిస్తుంది. అందుకే నాకు ముందు బోన్ గ్రాఫ్ట్ చేసి, అంటే తగ్గిన చోట ఎముక నింపి, నెలల తరబడి ఆగి, ఆ తర్వాతే టైటానియం స్క్రూ దించారు. అది ఎముకతో అతుక్కోడానికి ఇంకో నాలుగు నెలలు. ఈ అతుక్కునే గుణం స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ఆయన 1950ల్లో కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం ఊడి రాకపోతే కనిపెట్టాడట. 1965లో మొదటిసారి మనిషికి పెట్టాడు. లోహానికి నాలుగు నెలలు చాలాయి. నాకు ఈ ఊళ్లో అతుక్కోడానికి నాలుగేళ్లు పట్టింది, అది వేరే కథ.

రెండో తప్పు రంగు దగ్గర. గంటసేపు నోరు తెరిపించి, చివర్లో షేడ్ గైడ్ చేతికిచ్చారు. పదహారు రంగుల పళ్ల గుత్తి అది. నోరు అంతసేపు తెరిచి ఉంచితే పళ్లు ఆరిపోయి అసలుకన్నా తెల్లగా కనిపిస్తాయని నాకేం తెలుసు? పైగా నెత్తిమీద ఆ లైటు. తెల్లగా ఉన్నదాన్నే చూపించాను. బాగుందా అని అడగడానికి పక్కన మనిషి లేడు. అక్కడ పనిచేసే అమ్మాయి బాగుందండీ అంది. వాళ్లు అందరికీ అదే అంటారు. ఆ రాత్రి వీడియో కాల్లో అమ్మ, నేను నోరు తెరవగానే, "ఆ పన్నేంట్రా, బల్బు పెట్టినట్టుంది?" అంది.

అద్దం ముందు నిలబడి నీ పన్ను ఒకసారి సరిగ్గా చూసుకో. చిగురు దగ్గర కాస్త పసుపు, నడుమ మీగడ రంగు, అంచు దగ్గర గాజులా వెలుతురు దూరేంత పల్చన. నా మొదటి క్యాపుకి పైనుంచి కిందిదాకా ఒకటే సున్నం కొట్టారు. దానికి తోడు చిగురు పల్చగా ఉండటంతో, స్క్రూకీ క్యాపుకీ మధ్య ఉండే అబట్‌మెంట్ లోహం నీడ బూడిదరంగు గీతలా కనిపించేది.

రెండోసారి స్క్రూ జోలికి పోలేదు, పైభాగమే మార్చారు. అబట్‌మెంట్ జిర్కోనియాది, అంటే తెల్లటి పింగాణీ లాంటిది, వేశారు. పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే, పళ్లు తడిగా ఉండగానే కిటికీ వెలుతుర్లో రంగు చూశారు. కొన్ని వారాలు తాత్కాలిక పన్ను పెట్టి, దాని చుట్టూ చిగురు ఒంపు తిరిగేదాకా ఆగారు. పళ్ల మధ్య చిగురు ముక్కోణం నిండకపోతే అక్కడ నల్లటి సందు పడుతుంది, పెట్టుడు పన్నని పట్టించేది ముందు అదే. పళ్లు తెల్లబరిపించుకునే ఆలోచనుంటే క్యాపుకి ముందే కానివ్వు, క్యాపు పింగాణీది, దాని రంగు తర్వాత మారదు. దవడ పన్నయితే ఈ గొడవేమీ లేదు, కొరుకుడు సరిగ్గా కుదిరితే చాలు. షుగరున్నా, సిగరెట్టున్నా డాక్టరు దగ్గర దాచకు. ఇంప్లాంటు పుచ్చదుగానీ దాని చుట్టూ చిగురూ ఎముకా పాడవుతాయి.

ఇవన్నీ డాక్టరూ చెబుతాడు. చెప్పనిది ఒకటే, ఒంటరిగా వెళ్లకు. రెండోసారి ఆఫీసులో ముఖపరిచయం మాత్రమే ఉన్న ఒక తెలుగాయన్ని బతిమాలి వెంటబెట్టుకెళ్లాను. చేతి అద్దంలో నాకు నా పన్ను తప్ప ఇంకేమీ కనబడలేదు. ఆయన మూడడుగుల దూరంలో నిలబడి, నన్ను ఏదేదో మాట్లాడించి, నవ్వించి, "పక్కదానికన్నా ఇంకా ఒక పిసరు తెలుపే అన్నయ్యా" అన్నాడు. ల్యాబుకి తిప్పి పంపించాం. పన్ను కుదిరాక కూడా నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోడం నాకు మరో ఆరు నెలలు పోలేదు, ఆ చెయ్యి కిందికి లాగిందీ ఆయనే.

మీ రూమ్మేట్లలో మొహమాటం లేనివాణ్ణి తీసుకెళ్లు. ఎవరూ కుదరకపోతే అపాయింట్‌మెంట్ శనివారానికి పెట్టించుకుని నాకు చెప్పు, నేనొస్తాను.