ఉద్యోగం మారే ముందు దాని పంచాంగం చూడు

ప్రశ్న: మేడమ్, నాకు 24 ఏళ్ళు. వైజాగ్‌లోనే బీఎస్సీ ఫ్యాషన్ డిజైన్ చేసి, ద్వారకానగర్‌లో ఒక బొటిక్‌లో రెండేళ్ళుగా డిజైనర్‌గా పనిచేస్తున్నాను. చిన్నప్పటి నుంచి వీణ నేర్చుకుంటున్నాను, ఇంట్లో బొబ్బిలి వీణ ఉంది. పోయిన దసరాకి సోలో కచేరీ ఇప్పిస్తానని గురువుగారు అంటే సెలవు దొరక్క మానుకున్నాను. ముప్పై వచ్చేలోపు పొందూరు ఖాదీతో సొంత లేబుల్ పెట్టాలని నా కోరిక. ఇప్పుడు బెంగళూరులో ఒక ఎక్స్‌పోర్ట్ కంపెనీ అసిస్టెంట్ మర్చండైజర్‌గా ఆఫర్ ఇచ్చింది, జవాబు చెప్పడానికి పది రోజులు టైమ్ ఉంది. నాన్న స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యారు, ఆ డబ్బుతో ఎంవీపీ కాలనీలో బొటిక్ పెట్టుకోమంటున్నారు. అమ్మ సంబంధాలు చూస్తోంది, "రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు, వీణ ఇంక చాలు" అంటోంది. పైకి రావాలంటే నిజంగా ఒకటి వదిలేయాల్సిందేనా?

జవాబు: వదలక్కర్లేదమ్మా. కాకపోతే నువ్వు ఫ్యాషన్‌ని ఒకవైపు, వీణని ఒకవైపు పెట్టి ఏది బరువో చూస్తున్నావు, చిక్కంతా అక్కడే వస్తోంది. ఫ్యాషన్ అంటే ఒక్క ఉద్యోగమా? బొటిక్ డిజైనర్ రోజు వేరు, మర్చండైజర్ రోజు వేరు, కట్టింగ్‌కి కాగితం మీద నమూనా తీసే ప్యాటర్న్ మాస్టర్‌ది వేరు, సినిమాలకి కాస్ట్యూమ్స్ చేసేవాళ్ళదైతే మరీ వేరు, వాళ్ళకి రేపు ఎక్కడుంటారో ఇవాళ తెలియదు. ఒక్కొక్కదానికి ఒక్కో పంచాంగం ఉంది. ఏ నెలలో ప్రాణం తోడేస్తుంది, ఏ నెలలో ఊపిరి పీల్చుకోనిస్తుంది, ఏ పూట నీది, ఏ పూట వాళ్ళది అన్నది ముందు చూసుకో, జీతం సంగతి తర్వాత. నీ ముందున్న దారుల్ని నేనైతే ఈ ఒక్క లెక్కతోనే ఏరతాను.

బొటిక్ గురించి నీకు నేను చెప్పేదేముంది, అయినా ఒకసారి కాగితం మీద రాసి చూడు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి ఖాళీ అని బయటివాళ్ళు అనుకుంటారు, శ్రావణం పెళ్ళిళ్ళ మగ్గం వర్క్ బ్లౌజులన్నీ ఫ్రేమ్ ఎక్కేది అప్పుడే కదా. శ్రావణం వస్తే వరలక్ష్మీ వ్రతం, పెళ్ళిళ్ళు. భాద్రపదంలో కాస్త తెరిపి. వెంటనే దసరా, దీపావళి, కార్తీకం ముహూర్తాలు, తర్వాత సంక్రాంతి. మాఘంలో మళ్ళీ మొదలైన పెళ్ళిళ్ళు, మధ్యలో మూఢం వస్తే తప్ప, జ్యేష్ఠం దాకా ఆగవు. పెళ్ళికూతురి బ్లౌజైతే ట్రయల్ వేసి చూసుకుని, చంక దగ్గర పట్టేస్తోందని విప్పి, మళ్ళీ కుట్టి ఇచ్చేవరకు నువ్వు షాపు వదిలి కదలలేవు.

ఇప్పుడు ఆ కాగితం పక్కనే వీణ పంచాంగం రాయి. నవరాత్రి కచేరీలు సరిగ్గా నీ షాపు కిటకిటలాడే రోజుల్లో. త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమి నాడు, పుష్యంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి అదైనా హాయిగా కుదరాలి, కానీ చూడు, 2024లో అది జనవరి 30న, 2025లో జనవరి 18న, అంటే రెండుసార్లూ సంక్రాంతి వెళ్ళాక వచ్చింది. 2026లో మాత్రం జనవరి 7నే, పండగ బట్టల డెలివరీల నడుమ పడింది. ఇలాంటి పని పెట్టుకుని కచేరీకి సెలవు దొరకలేదంటే అందులో నీ తప్పేమీ లేదు, నీలో పట్టుదల తక్కువై కూడా కాదు. నువ్వు ఆ మాట రాసిన తీరు చూస్తే నిన్ను నువ్వే తిట్టుకుంటున్నట్టు అనిపించింది, అందుకే చెప్తున్నాను.

కాబట్టి సొంత బొటిక్ ఇప్పుడు వద్దు. ఉద్యోగిగా ఉన్నప్పుడు దొరకని సెలవు ఓనర్‌వైతే దొరుకుతుందని అనుకోకు. దసరా ముందు కట్టింగ్ మాస్టర్ మానేసి పక్క షాపులో చేరిపోతే ఆ రాత్రి కత్తెర పట్టాల్సింది నువ్వే. పైగా అది నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు, అమ్మానాన్నల ముందున్న సంవత్సరాలకి అదే ఆధారం. ఆయన ప్రేమతో ఇస్తానన్నారు, ఆ మాటకి దండం పెట్టి డబ్బు బ్యాంకులోనే ఉంచమను. రేపు నిజంగా వ్యాపారం పెట్టే రోజు వస్తే ప్రభుత్వ పథకం కింద తాకట్టు లేకుండా ఇచ్చే ముద్ర లోన్లున్నాయి, శిశు అనే రకంలో 50 వేల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు, తరుణ్‌లో 10 లక్షల వరకు. చిన్నగా మొదలుపెట్టే లేబుల్‌కి మొదటి రెండిట్లో ఏదో ఒకటి సరిపోతుంది.

ఇక మర్చండైజర్ ఉద్యోగం. ఇందులో బొమ్మలు గీయడం తక్కువ, ఈమెయిళ్ళు, ఎక్సెల్, ఫోన్లు ఎక్కువ, ఆ సంగతి ముందే తెలుసుకుని వెళ్ళు. బయ్యర్, అంటే ఆర్డర్ ఇచ్చే విదేశీ కంపెనీ, డిజైన్ కొలతల వివరాలున్న టెక్ ప్యాక్ పంపిన దగ్గర్నుంచి గుడ్డ, దారం, బటన్లు, లేబుళ్ళు టైముకి తెప్పించాలి, మొదటి నమూనా ప్రోటో శాంపిల్, కొలత చూసే ఫిట్ శాంపిల్, అన్ని సైజుల సైజ్ సెట్, చివరికి ఫ్యాక్టరీలో కుట్టడం మొదలయ్యే ముందు చూపే పీపీ శాంపిల్ ఒక్కొక్కటీ అప్రూవ్ చేయించాలి, సరుకు ఫ్యాక్టరీ దాటే తేదీ తప్పకూడదు. దీనికంతటికీ ఏ పని ఏ తేదీకి అవ్వాలో రాసే టైమ్ అండ్ యాక్షన్ క్యాలెండర్ అని ఒకటి వేస్తారు, అందరూ టీఎన్ఏ అంటారు. నీకు ఈ ఉద్యోగం నప్పుతుందని నేను అనడానికి మొదటి కారణం అదే. కష్టం తక్కువని కాదు, షిప్‌మెంట్ వారంలో రాత్రిళ్ళు కూడా ఉండాల్సి రావచ్చు, కానీ ఆ వారం ఎప్పుడొస్తుందో చాలావరకు ముందే తెలుస్తుంది. సాధారణంగా విదేశాల చలికాలం బట్టలు మనకి వానలు పడే నెలల్లో, వాళ్ళ ఎండాకాలం బట్టలు నవంబరు, ఫిబ్రవరి మధ్య షిప్ అవుతాయి. కంపెనీని బట్టి, బయ్యర్ని బట్టి ఇది మారుతుంది, కాబట్టి సెప్టెంబరు, అక్టోబరు ఎలా ఉంటాయో వాళ్ళనే అడుగు.

ఇంకోటి కూడా అడగాలి, ఇది చాలామంది అడగరు: బయ్యర్లు ఏ దేశం వాళ్ళు? న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదయ్యేసరికి మనకి సాయంత్రం ఆరున్నర, వాళ్ళ చలికాలంలో ఏడున్నర. అంటే అమెరికా బయ్యరైతే నీ సాయంత్రాలు కాల్స్‌కి రాసిచ్చేసినట్టే. లండన్‌లో తొమ్మిదైతే మనకి మధ్యాహ్నం ఒకటిన్నర, చలికాలంలో రెండున్నర, ఆ మాటలన్నీ ఆఫీసు టైములోనే అయిపోతాయి. యూరప్ అకౌంట్ దొరికితే సాయంత్రం పాఠం కుదురుతుంది, అమెరికా అకౌంటైతే పాఠం, సాధకం రెండూ పొద్దున్నే పెట్టుకోవాలి. రెండూ చేసుకోగలిగినవే, కానీ చేరకముందే తెలిస్తే గురువుగారితో టైమ్ మాట్లాడుకోవచ్చు.

రెండో కారణం నీ లేబుల్. కొలతలు, కట్టింగ్, కస్టమర్‌తో మాట్లాడటం నీకు బొటిక్ నేర్పింది, ధర వేయడం నేర్పలేదు. ఒకే కుర్తాకి 58 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డలో పట్టే మీటర్లు ఒక లెక్క, 45 అంగుళాల చేనేత పన్నాలో ఇంకో లెక్క. చేతివడుకు ఖాదీలో నూలు మందం చోటుచోటుకీ కాస్త మారుతుంది, ఉతికాక కుదించుకుపోతుంది, దాన్ని కూడా కలుపుకోకపోతే అమ్మిన ప్రతి కుర్తాలోనూ నీ చేతి డబ్బే పోతుంది. ఎంత బాగా డిజైన్ చేసేవాళ్ళైనా లేబుల్ పెట్టాక దెబ్బతినేది ఇక్కడే. మర్చండైజింగ్‌లో రెండు మూడేళ్ళు చేస్తే ఒక్కో పీసు ఖర్చు లెక్కగట్టే కాస్టింగ్ షీట్ నిద్రలో కూడా వేయగలుగుతావు.

అయితే బెంగళూరుకి ఊ అనే ముందు అచ్యుతాపురం వైపు ఒక్కసారి గట్టిగా ప్రయత్నించు. మన పక్కనే వెయ్యి ఎకరాల బ్రాండిక్స్ అపారెల్ సిటీ ఉంది, వేల మంది ఆడవాళ్ళు అక్కడ పనిచేస్తున్నారు, మన ఊళ్ళో ఫ్యాషన్ చదివిన పిల్లలు మాత్రం దాన్ని కుట్టు ఫ్యాక్టరీ అనుకుని అటు తల తిప్పరు, నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. అలాంటి చోట్ల శాంపిలింగ్, ప్లానింగ్, క్వాలిటీ విభాగాలుంటాయి. శాంపిలింగ్‌లో చోటు దొరికితే ప్యాటర్న్, ఫిట్ రెండూ చేతికొస్తాయి, గురువుగారి దగ్గర పాఠం ఆగదు. ఊళ్ళోంచి గాజువాక దాటి అంత దూరం రోజూ రానూపోనూ చేయడం మాత్రం మామూలు విషయం కాదు, కంపెనీ బస్సు ఉందో లేదో, ఎక్కడ ఎక్కించుకుంటారో కనుక్కో. ఈ పది రోజుల్లో అక్కడ ఇంటర్వ్యూ కుదిరితే మంచిది, కుదరకపోతే బెంగళూరు వెళ్ళు.

పొందూరు గురించి రాసినందుకు మాత్రం చాలా సంతోషం వేసింది. శ్రీకాకుళం వైపు రైలెక్కితే పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు, ఇంతవరకూ వెళ్ళి ఉండకపోతే ఉద్యోగంలో చేరేలోపే ఒకరోజు వెళ్ళిరా. అక్కడి సన్న ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకున్న సన్నటి పళ్ళ మీదుగా పత్తి గింజని కొద్దికొద్దిగా లాగుతుంటే దుమ్ము, నలుసు రాలిపోయి పోగులన్నీ ఒకవైపుకి సర్దుకుంటాయి, తర్వాత ఏకు చేసి చేత్తో వడుకుతారు. అంత నిదానంగా తయారయ్యే గుడ్డ నువ్వు అడిగిన రోజున అడిగినన్ని మీటర్లు రాదు. కాబట్టి నీ లేబుల్ ఎలా చూసినా ఏడాదికి కొన్నే పీసులతో నడవాల్సిన లేబుల్. అది ముప్పైలోపే అని గిరి గీసుకుని పరుగెత్తడం దేనికి? ఉద్యోగం చేస్తూనే అక్కడివాళ్ళతో పరిచయం పెంచుకో, కొంచెం గుడ్డ కొని నాలుగు కుర్తాలు కుట్టి నువ్వే వేసుకుని తిరుగు, ఉతుకు, రంగు ఎలా నిలుస్తుందో చూడు. పీసులు అమ్మడం మొదలుపెట్టే ముందు మాత్రం ఆఫర్ లెటర్‌లో బయట వ్యాపారం చేయకూడదన్న షరతు ఉందేమో చదువుకో.

వీణ విషయంలో నేను కాస్త కఠినంగానే మాట్లాడతాను. ఆదివారం మూడు గంటలు వాయిస్తాలే అనుకుంటే అది నిలబడదు, ఎందుకో నీ ఎడమచేతి వేళ్ళే చెప్తాయి. చూపుడువేలు, మధ్యవేలు చివర తంత్రి ఒత్తుకుని కాసిన కాయలున్నాయే, కొన్ని వారాలు ఆపితే అవి మెత్తబడిపోతాయి, మళ్ళీ కూర్చున్న రోజు గమకం లాగితే మంట పుడుతుంది, ఆ మంటకి భయపడి ఇంకో వారం వాయిదా పడుతుంది. మంచి వాద్యగాళ్ళు ఉద్యోగాల్లో పడి ఇలాగే దూరమవుతారు, వదిలేద్దామని ఎవరూ నిర్ణయించుకోరు. అందుకని రోజూ పొద్దున అరగంట, షిప్‌మెంట్ వారమైతే పావుగంట, సరళీ వరసలైనా సరే. బెంగళూరు వెళ్తే పీజీ హాస్టల్ తీసుకోకు, పొద్దున్నే వీణ మోగితే పక్క మంచం వాళ్ళు ఎన్నాళ్ళు ఊరుకుంటారు? ఇద్దరు ముగ్గురు కలిసి ఫ్లాట్ తీసుకోండి, చేరకముందే వాళ్ళకి చెప్పు. బొబ్బిలి వీణ ఒకే మొద్దులోంచి చెక్కింది కాబట్టి విడదీసి పట్టుకెళ్ళేందుకు లేదు, ప్రయాణంలో ఎండకి మెట్లు నిలబెట్టిన మైనం మెత్తబడితే అవి కదులుతాయి. దాన్ని ఇంట్లోనే ఉంచి అక్కడ ఒక సెకండ్ హ్యాండ్ వీణ కొనుక్కో.

వీణకి కూడా ఒక తేదీ ఉండాలి, లేకపోతే తేదీలున్న ఆఫీసు పనే ఎప్పుడూ గెలుస్తుంది. ఆకాశవాణి ఆడిషన్‌కి సిద్ధమవ్వు. అక్కడ బి, బి హై, ఏ, టాప్ అని గ్రేడ్లుంటాయి, బి గ్రేడ్ వచ్చినా నువ్వు ఎక్కడున్నావో నీకూ గురువుగారికీ తెలుస్తుంది. వచ్చే నవరాత్రికి కచేరీ తేదీ ఇప్పుడే అడిగి ఖాయం చేసుకో, కొత్త ఆఫీసులో చేరిన నెలలోనే ఆ సెలవు రాసిపెట్టు. దయచేసి వీణని సంపాదన మార్గం చేసుకోకు, కనీసం కొన్నాళ్ళు. ఆన్‌లైన్ క్లాసులు చెప్పు, వీడియోలు పెట్టు అని చుట్టాలందరూ సలహా ఇస్తారు. రోజంతా బయ్యర్‌కి నచ్చాలి, కస్టమర్‌కి నచ్చాలి అని పనిచేసే మనిషికి, ఎవరికీ నచ్చక్కర్లేని అరగంట ఒకటి ఉండి తీరాలి.

అమ్మగారికి చెప్పు, నాట్యాన్నీ నేతనీ కలిపి నడిపిన మనిషి మన దక్షిణాదిలోనే ఉండేవారని. నాట్యకారిణి రుక్మిణీదేవి అరుండేల్ 1936లో మద్రాసులో కళాక్షేత్ర అనే నాట్య సంస్థ స్థాపించి, నాట్యానికి కావలసిన చీరల కోసం అక్కడే మగ్గాలు పెట్టించారు. పెళ్ళిచూపుల్లో మాత్రం "నాకు సంగీతం ఇష్టం" అని ఊరుకోకు, ఆ మాటకి ప్రతివాళ్ళూ తలూపుతారు. "నవరాత్రుల్లో నేను కచేరీల పనిలో ఉంటాను, షిప్‌మెంట్ వారంలో రాత్రి పదికి వస్తాను" అని చెప్పు, అప్పుడు వాళ్ళ మొహం చూడు.

ఇప్పుడు పని చెప్తాను. రేపే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి బయ్యర్లు ఏ దేశం, శనివారాలు సెలవా, మొదటి ఏడాది సెలవులు ఎన్ని, ఇన్నాళ్ళు మానకూడదన్న బాండ్ ఏమైనా ఉందా అని అడుగు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర పెట్టుకుంటామంటే ఒప్పుకోకు. అచ్యుతాపురానికి రెజ్యూమే పంపేటప్పుడు బొటిక్‌లో నువ్వు స్వయంగా తీసిన ప్యాటర్న్‌ల ఫొటోలు జతచెయ్యి, స్కెచ్‌ల కంటే అవే ఎక్కువ పనికొస్తాయి. ఇప్పుడున్న బొటిక్‌లో నోటీసు మాత్రం కొత్త ఆఫర్ లెటర్ చేతికొచ్చి, అందులో నువ్వు అడిగినవి రాతపూర్వకంగా ఉన్నాయని చూసుకున్నాకే ఇవ్వు. హెచ్ఆర్ జవాబు రాగానే నాకు రాయి, జీతం బ్రేకప్ కూడా పంపితే అద్దె, పీఎఫ్ పోను చేతికి ఎంత మిగులుతుందో ఇద్దరం కూర్చుని లెక్కవేద్దాం.