ఎక్స్‌రే నార్మల్ అన్నారు, మరి మోకాలు నొప్పి ఎందుకు తగ్గట్లేదు?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ, మా పాపకి 13 ఏళ్లు, ఏఎల్ఎల్ రకం బ్లడ్ క్యాన్సర్‌కి కీమో అయిపోవస్తోంది, మెయింటెనెన్స్ అనే చివరి దశలో ఉంది. రెండు నెలల్నుంచి కుడి మోకాలు నొప్పంటోంది, కింద కూర్చుంటే గోడ పట్టుకుంటే గానీ లేవలేకపోతోంది. మోకాలి ఎక్స్‌రే నార్మల్. ఎదిగే పిల్లలకి ఇవి మామూలే అంటారు మా అత్తగారు. ఇప్పుడేమో తుంటికి ఎంఆర్ఐ రాశారు. నొప్పి మోకాల్లో ఉంటే తుంటికెందుకు? మళ్లీ రేడియేషన్ అంటే భయంగా ఉంది.
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ భయం వదిలేయండి, ఎంఆర్ఐలో రేడియేషన్ ఉండదు, అదంతా అయస్కాంతం పని. చప్పుడు మాత్రం బాగా చేస్తుంది, అరగంట పైనే కదలకుండా పడుకోవాలి, పాపకి ముందే చెప్పి ఉంచండి.

తుంటి నరాలే మోకాలి దాకా వస్తాయి కాబట్టి తుంటిలో తేడా ఉన్నా పిల్లలు మోకాలే చూపిస్తారు. మీ డాక్టర్‌కి వచ్చిన అనుమానం ఆస్టియోనెక్రోసిస్, అంటే రక్తం అందక ఎముకలో కొంత భాగం చచ్చిపోవడం, రిపోర్టులో ఏవీఎన్ అని కూడా రాస్తారు. డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లే దీనికి ముఖ్య కారణం, అలాగని మీ అంతట మీరు ఆపేయొద్దు, అవి ఏఎల్ఎల్‌కి కావాల్సిన మందులే, తగ్గించాలా ఆపాలా అన్నది ఆంకాలజిస్టే చూసుకుంటారు. పదేళ్లు దాటిన పిల్లల్లో ఇది ఎక్కువ. 2000లో వచ్చిన ఒక అమెరికా స్టడీలో పదేళ్ల లోపు వాళ్లలో 0.9 శాతం మందికొస్తే, పదేళ్లు దాటిన వాళ్లలో 14.2 శాతం మందికి వచ్చింది. అందుకే అత్తయ్యగారి మాటని ఈసారికి పక్కన పెట్టండి.

అసలు చాలామందిని ముంచేది ఆ 'ఎక్స్‌రే నార్మల్' అన్న మాటే. ఎక్స్‌రేలో ఎముక ఆకారం కనిపిస్తుంది, లోపల మూలుగ చచ్చినా పైన ఆకారం చెడలేదంటే నార్మల్ అనే వస్తుంది, తేడా తెలిసేసరికి నెలలు గడిచిపోతాయి. ఎంఆర్ఐలో అయితే మూలుగలోని కొవ్వు తెల్లగా మెరుస్తుంది, పాడైన చోటు చుట్టూ మ్యాప్‌లో సరిహద్దు గీసినట్టు నల్ల గీత పడుతుంది. డెక్సా స్కాన్ తీయించాం కదా అంటారు కొందరు, అది ఎముక సాంద్రత కొలిచేది, ఇది అందులో దొరకదు.

రెండు తుంటులూ కలిపి తీయమనండి, ఒకవైపు వస్తే రెండోవైపు కూడా ఉండటం మామూలే. మోకాళ్లు కూడా చూడాలా అని అడగండి. రిపోర్టులో మచ్చ ఉందన్నంత మాత్రాన కంగారు పడొద్దు, చిన్నవి చాలావరకు అలాగే ఉండిపోతాయి, తుంటి బంతిలో, అంటే తొడ ఎముక పైన ఉండే గుండ్రటి భాగంలో, 30 శాతం దాటి పాడైతేనే కుంగిపోయే ప్రమాదం ఎక్కువ. స్కాన్ అయ్యేదాకా గెంతులు, స్కిప్పింగ్ వద్దు. ఈలోపు జ్వరం వచ్చినా, కాలు కింద పెట్టలేకపోయినా ఆ రోజే తీసుకెళ్లండి.

స్కాన్‌కి వెళ్లేటప్పుడు పట్టీలు, క్లిప్పులు తీసేయండి, కీమో మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే పోర్ట్ ఉంటే ముందే చెప్పండి. ఫిల్ములతో సరిపెట్టుకోకుండా సీడీ అడిగి తీసుకోండి, తర్వాత మళ్లీ తీస్తే పక్కపక్కన పెట్టి చూడాలి.