పేస్టులు కాదు, అతుకులు చూడండి

తోటలో వేసిన బొమ్మ రైలు చివరి మలుపుకెళ్లేసరికి చతికిలబడుతోంది, కరెంటు బాగా పారాలంటే పట్టాలకి ఏ పేస్టు రాయాలి అని అడిగారు. ఏదీ రాయక్కర్లేదు. డబ్బు దండగ.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నౌపడా నుంచి 1900లో మా ఊరికొచ్చిన రెండున్నర అడుగుల చిన్న లైను మీద బెంగతో పెరట్లో 45 మిల్లీమీటర్ల ఎడంతో ఇత్తడి పట్టాలు వేశాను, 20 మీటర్ల చుట్టు. ఆ చిన్న రైలుని 2004లో ఆపేసి పెద్ద లైను వేశారు. వేగం పెరిగింది, నిజమే. ఆ కూతేదీ? సరే, అది వేరే గొడవ.

మొదటి వానాకాలం దాటాక ఇంజను సపోటా చెట్టు కింద నీరసపడిపోయేది. మా అక్క చూసి "ఇత్తడేగా, చింతపండు పెట్టి తోమరాదురా" అంది. ఆదివారమంతా గొంతుక్కూర్చుని తోమాను. పట్టాలు పూజగదిలో చెంబుల్లా మెరిశాయి. రైలు మళ్లీ సపోటా కిందే ఆగింది.

మా బావ లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మీటరు పెడితే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 16 వోల్టులు, సపోటా కింద 10. ఇంజను నడుస్తుండగానే ఒక్కో అతుక్కి అటూ ఇటూ మీటరు ఆనించుకుంటూ వచ్చాడు. ఒక్క అతుకే రెండు వోల్టులు మింగేస్తోంది! "అక్కడ వేలుతో నొక్కవోయ్" అన్నాడు. నొక్కగానే ఇంజను ఉరికింది. విప్పి చూస్తే రెండు పట్టాల్ని కలిపే బిళ్ల, అదే ఫిష్‌ప్లేటు, లోపల నల్లటి చిలుము, చీమలు తెచ్చిపోసిన మట్టి. పైన తోమితే అక్కడికేం చేరుతుంది? పట్టా లావుగానే ఉంటుంది, దానిలో కరెంటుకి ఇబ్బంది లేదు. ఎండకి సాగి, రాత్రికి ముడుచుకుని అతుకులే వదులైపోతాయి.

ప్రతి అతుక్కీ పక్కనుంచి మెత్తటి రాగి తీగ, కాస్త వదులుగా, టంకం వేశాం. చిన్న సోల్డరింగ్ ఐరన్ పనికిరాదు, వేడంతా పట్టా లాగేసుకుంటుంది. 100 వాట్లది తెచ్చాం. పట్టాల కింద అడ్డంగా ఉండే ప్లాస్టిక్ స్లీపర్లు కరగకుండా రెండువైపులా తడిగుడ్డ వేశాం. అవతలి వైపుకి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లావు వైరు విడిగా లాగాం.

వైరు కొనేటప్పుడు బ్లేడుతో గీకి చూడండి. "అచ్చం రాగి" అని నాకంటగట్టినది గీకితే లోపల తెల్లగా అల్యూమినియం, టంకం పట్టి చావదు. అడిగితే "అందరూ ఇదే పట్టుకెళ్తారు" అన్నాడా మహానుభావుడు.

గరుకు కాగితంతో రుద్దకండి, ఆ గీతల్లో మురికి చేరుతుంది. ఇప్పుడు సపోటా కింద 15 చూపిస్తోంది. పొద్దున్న మంచు పడితే పాత పంచె ముక్కతో తుడుస్తాను. చింతపండు చారుకే.