సెన్సార్ విలువలు ఆలస్యంగా వస్తున్నాయని ఈఎస్‌పీ 32 కొనే ముందు మా పాల కేంద్రం గొడవ వినండి

మీరు అడిగింది ఇదీ: ఉనో అనే ఆర్డుయినో బోర్డుకి (మనం రాసిన కోడ్ నడిపే చిన్న కంప్యూటర్ లాంటిది) సెన్సార్ తగిలించా, అది సీరియల్‌లో, అంటే అక్షరం వెనక అక్షరంగా, ఆగకుండా డేటా పంపుతూనే ఉంది, స్క్రీన్ మీద మాత్రం విలువలు కొన్ని సెకన్లు లేటుగా వస్తున్నాయి, మధ్యమధ్యలో పిచ్చి అంకెలు కూడా వస్తున్నాయి, ఉనో స్పీడ్ చాలట్లేదా, దానికంటే స్పీడైన ఈఎస్‌పీ 32 బోర్డు కొనాలా అని. కొనొద్దు. డబ్బులు దాచుకోండి. మీ కోడ్ చూడకుండానే చెప్తున్నా, మీ లూప్‌లో (ఆగకుండా మళ్ళీ మళ్ళీ తిరిగే కోడ్‌లో) ఎక్కడో డిలే, అంటే ఏ పనీ చెయ్యకుండా కాసేపు ఆగమనే ఆదేశం ఉంది. మీరు పెట్టకపోతే మీరు దింపుకున్న రెడీమేడ్ కోడ్ (లైబ్రరీ) రాసినవాడు పెట్టి ఉంటాడు.

ఇంత ధీమాగా ఎందుకు చెప్తున్నానంటే ఇదే తప్పు నేను ఊరందరి ముందూ చేశా కాబట్టి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా బాబాయ్ పాల కేంద్రం చూసుకుంటాడు. పొద్దున ఐదున్నరకల్లా క్యాన్లు, బకెట్లు పట్టుకుని జనం లైన్లో నిలబడి ఉంటారు. కాటా ఎలక్ట్రానిక్‌దే కానీ దాని డిస్‌ప్లే కొలిచే కుర్రాడి వైపు తిరిగి ఉంటుంది, పాలు పోసేవాళ్ళకి కనపడదు, దాంతో రోజూ ఎవరో ఒకరు "ఎంత వచ్చిందిరా, సరిగ్గా చూడు" అని మెడ సాచి అడగడమే. అందరికీ కనపడేలా ఎర్ర అంకెల బోర్డు ఒకటి గోడకి పెడదాం అన్నాడు బాబాయ్, బయట రేటు ఎక్కువ చెప్పారట, "నువ్వు చదివింది ఎలక్ట్రానిక్సే కదరా" అన్నాడు. ఈ మాట పడని ఈసీఈవాడు ఉండడు లెండి. మిక్సీ తిరక్కపోయినా మననే పిలుస్తారు, ఇన్వర్టర్ కూత పెట్టినా మననే పిలుస్తారు.

కాటా వెనక తొమ్మిది పిన్నుల పోర్టు ఉంది, అందులోంచి బరువు ఒక లైన్‌గా సెకనుకి పది సార్లు వస్తుంది. దాన్ని ఉనోతో చదివి బోర్డు మీద వెయ్యాలి. ఆ పోర్టు ఆర్‌ఎస్ 232 అనే పాత పద్ధతిది, మైనస్ ఓల్టేజీ కూడా ఉంటుంది, నేరుగా ఉనో పిన్నుకి పెట్టకండి, మధ్యలో ఓల్టేజీ మార్చే మ్యాక్స్ 232 చిప్ పెట్టాలి. ఇది మాత్రం నాకు ముందే తెలుసు, హాస్టల్లో రూమ్మేట్ బోర్డు ఒకటి అలాగే తగలబెట్టాం.

కోడ్ గంటలో అయిపోయింది. లైన్ చదువు, అంకెగా మార్చు, బోర్డు మీద వెయ్యి. సెకనుకి పది సార్లు అంకెలు మారుతుంటే కింద నిలబడి చూసేవాళ్ళకి కళ్ళు తిరుగుతాయని నేనే అతి తెలివిగా లూప్ చివర డిలే 1000, అంటే ఒక సెకను ఆగు అని పెట్టా. రాత్రి కేంద్రం మూసేశాక బియ్యం సంచి కాటా మీద పెట్టి చూశాం, కాటాలో ఎంతో బోర్డులో అంతే. బాబాయ్ భుజం తట్టాడు. కదలని సంచి ఆరు సెకన్ల కింద ఎంత బరువుందో ఇప్పుడూ అంతే ఉంటుందని ఇద్దరికీ తట్టలేదు.

తెల్లారింది. మొదటి పది నిమిషాల్లోనే గొడవ. కాటా మీద గిన్నె ఉంటుంది, వచ్చినవాళ్ళు అందులో పోస్తారు, కుర్రాడు బరువు చూసి పుస్తకంలో రాసి, ఫ్యాట్‌కి శాంపిల్ తీసి, పాలు పెద్ద క్యాన్లో వంపేస్తాడు. రద్దీలో గిన్నె నిండుగా ఉండేది ఐదారు సెకన్లే. ముందు ఒకాయన ఆరు కేజీలు పోశాడు, బోర్డు సున్నాలు చూపించింది, ఆయన గమనించలేదు. తర్వాత ఒక్క గేదె ఉన్న మామ్మగారు రెండున్నర పోసింది, బోర్డు మీద ఆరు వచ్చింది. ఆవిడ బోర్డు వైపు చూసింది, కుర్రాడి వైపు చూసింది, నోరు మెదపలేదు. ఆవిడ వెనకాయన పోసింది ఐదు పైచిలుకు, ఆయనకి వచ్చింది రెండున్నర! "ఏంటయ్యా ఇది, సగానికి సగం కోసేస్తున్నారా" అని మొదలుపెట్టాడు. కుర్రాడు కాటా డిస్‌ప్లే తిప్పి చూపించాడు, పుస్తకం చూపించాడు, ఎవరు నమ్ముతారు, రెండు చోట్ల రెండు అంకెలు కనపడుతుంటే. "ఇన్నాళ్ళూ ఇలాగే చేశారన్నమాట" అని లైన్లో ఎవరో అన్నారు, ఇక చూస్కోండి. అప్పుడే నాలుగు గేదెలున్న ఒకాయన గిన్నెలో ధారగా పోస్తూ ఉన్నాడు, బరువు పది దాటుతోంది, ఆయనకి వచ్చిన ఆ ఆరు సెకన్ల పాత అంకెల మధ్యలో బోర్డు టక్కున 0.200 అని చూపించింది. పది కేజీలు పోసినవాడికి 200 గ్రాములు.

"ఒరేయ్, ముందు ఆ బోర్డు పీకి అవతల పెట్టు" అన్నాడు బాబాయ్. పీకేశా.

ఆ రోజు మధ్యాహ్నం కేంద్రంలో ఒక్కడినే కూర్చుని అరకేజీ తూకం రాయి కాటా మీద పెట్టి తీసి, పెట్టి తీసి లెక్కపెట్టా. పెట్టగానే కాటా డిస్‌ప్లే మారుతోంది, బోర్డు మాత్రం ఒకటి, రెండు, మూడు... ఆరు దగ్గర మారుతోంది. తీసినా ఆరే. పది సార్లు చేస్తే పది సార్లూ ఆరే. అప్పుడర్థమైంది. ఉనో స్లో అయితే ఒకసారి నాలుగు, ఒకసారి ఎనిమిది రావాలి కదా. ప్రతిసారీ ఆరంటే మధ్యలో ఎక్కడో సరిగ్గా ఆరు లైన్లు క్యూ కట్టి ఉన్నాయి.

ఉనో ఆర్3లో వచ్చే అక్షరాల కోసం 64 బైట్ల బఫర్, అంటే మనం చదివేదాకా అవి ఆగే 64 గడుల వరుస ఉంటుంది, ఒక గడి ఎప్పుడూ ఖాళీగానే ఉంచుతుంది కాబట్టి పట్టేది 63. మా కాటా పంపే లైన్ ప్లస్ గుర్తు, మూడంకెలు, చుక్క, మూడంకెలు, చివర్లో కంటికి కనపడని రెండు అక్షరాలు, మొత్తం పది. సెకనుకి పది లైన్లు వస్తున్నాయి, నేను డిలేలో నిద్రపోయి లేచి ఒక్కటి చదువుతున్నా. మా పాల లైన్ లాగే అనుకోండి, వరుసలో ఆరుగురు నిలబడి ఉన్నారు, సెకనుకి ఒకరు కదులుతున్నారు, జాగా లేక కొత్తగా వచ్చినవాళ్ళని గుమ్మం దగ్గరే వెనక్కి పంపేస్తున్నారు. చాలామంది అనుకునేదేంటంటే బఫర్ నిండితే పాతవి పోయి కొత్తవి వస్తాయని, కాదు, పాతవి కదలవు, కొత్తవే పోతాయి. అందుకే నేను చదివేది ఎప్పుడూ ఆరు సెకన్ల పాతదే.

ఆ 200 గ్రాముల సంగతి ఇంకా అన్యాయం. ఆరు లైన్లు 60 అక్షరాలు, మిగిలిన మూడు గడుల్లో ఏడో లైన్ తల మాత్రం దూరింది, +009.800లో +00 వరకు. మిగతాది బయటే పోయింది. సెకను తర్వాత నేను ఒక లైన్ చదివి జాగా చేసేసరికి బయట ఇంకో లైన్ సగంలో ఉంది, +010.200 వస్తూ దాని తోక 0.200 లోపలికొచ్చి ఆ తలకి అతుక్కుంది. +000.200. ఎనిమిది అక్షరాలూ ఉన్నాయి, చుక్క సరిగ్గా ఐదో స్థానంలోనే ఉంది, చూడ్డానికి లక్షణంగా ఉంది, ఏ చెకింగూ పట్టుకోలేదు. మీ పిచ్చి అంకెలు కూడా ఇలా పుట్టినవే, వైర్ లూజ్ అని అందరూ వైర్లు మారుస్తుంటారు గానీ.

ఇక నాకు వచ్చిన సలహాలు. ఒకాయన బాడ్ రేట్ (సీరియల్ వేగం) 115200 చెయ్యమన్నాడు. అరె, కాటా 9600లో మాట్లాడుతుంటే నేనొక్కడినే 115200 పెడితే చెత్త అక్షరాలు తప్ప ఏమొస్తాయి? 9600 అంటే సెకనుకి 960 అక్షరాలు, నా కాటా పంపేవి వంద. 16 మెగాహెర్ట్జ్ ఉనోకి ఒక్క అక్షరం వచ్చేలోపు క్లాక్ 16 వేల సార్లకి పైగా కొట్టుకుంటుంది. స్పీడ్ ఎక్కడ తక్కువైంది? ఇంకొకాయన సీరియల్ ఫ్లష్ అనే ఆదేశం పెట్టు, పాతవన్నీ పోతాయన్నాడు. 2011లో ఆర్డుయినో 1.0 వచ్చినప్పుడే ఫ్లష్ అర్థం మార్చేశారు, ఇప్పుడది బయటికి వెళ్ళే అక్షరాలు పూర్తిగా వెళ్ళేదాకా ఆగుతుంది అంతే, వచ్చినవాటిని ముట్టుకోదు. అయినా పాత సలహానే ఒకరి దగ్గర ఒకరు కాపీ కొట్టి ఇప్పటికీ చెప్తూనే ఉన్నారు. యూట్యూబ్ ట్యుటోరియల్స్ గురించి అయితే చెప్పనక్కర్లేదు, మొదటి పాఠం ఎల్ఈడీ వెలిగించి ఆర్పడం, అందులోనే డిలే నేర్పిస్తారు, ఆ అలవాటు ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ దాకా వదలదు. ప్రాజెక్టులు కొనుక్కునేవాళ్ళ సంగతి సరేసరి, డెమో రోజు కదలని వస్తువు పెట్టి చూపిస్తారు, మా బియ్యం సంచి లాగా.

నేను మార్చింది పెద్దగా ఏం లేదు. డిలే తీసేశా. లూప్ తిరిగిన ప్రతిసారీ అప్పటికి బఫర్‌లో ఉన్నన్ని అక్షరాలూ (అవైలబుల్ చెప్తుంది) అక్కడికక్కడే తీసేసి 16 గడుల క్యారెక్టర్ ఎర్రేలో పేరుస్తా, లైన్ చివరి అక్షరం రాగానే పొడవు, ప్లస్ గుర్తు, చుక్క చూసుకుని బాగుంటే "తాజా బరువు" అనే వేరియబుల్‌లో పెడతా, బాగోకపోతే పారేస్తా, మళ్ళీ మొదటి గడి నుంచి. బోర్డు మీద వేసే పని వేరు, మిల్లిస్ (ఉనో ఆన్ అయ్యాక ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో చెప్పేది) చూసుకుని 200 మిల్లీసెకన్లకి ఒకసారి ఆ తాజా బరువు ఎంతుంటే అంత వేస్తా. చదవడం చదవడమే, చూపించడం చూపించడమే, ఒకదాని కోసం ఒకటి ఆగకూడదు. లైన్ చదవడానికి రీడ్‌స్ట్రింగ్ అనే ఆదేశం వాడకండి, డేటా ఆగాక కూడా మామూలుగా ఒక సెకను ఎదురుచూస్తుంది, అదీ డిలేనే, మారువేషంలో ఉంటుంది. అక్షరాలు దాచడానికి పెద్ద ఎస్‌తో రాసే స్ట్రింగ్ కూడా వద్దు, ఉన్నదే 2 కేబీ ర్యామ్, రోజుల తరబడి ఆన్‌లో ఉండే బోర్డులో దాన్ని ముక్కలు ముక్కలు చేసి ఒక రోజు చెప్పాపెట్టకుండా హ్యాంగ్ అవ్వొచ్చు.

మీ సెన్సార్ చెక్‌సమ్ (డేటా దారిలో చెడిందో లేదో తేల్చే లెక్క) పంపేదైతే మీరు అదృష్టవంతులు, దాన్ని లెక్కచూడండి, బద్ధకించకండి. పీఎంఎస్ 5003 దుమ్ము సెన్సార్ 32 బైట్లు పంపుతుంది, చివరి రెండూ మొత్తం కూడికే. జీపీఎస్ లైన్లలో నక్షత్రం గుర్తు తర్వాత వచ్చే రెండక్షరాలూ చెక్‌సమే. మా కాటాకి ఆ భాగ్యం లేదు, అందుకే బఫర్ నిండనివ్వకపోవడం ఒక్కటే దారి. ఇంకోటి, ఉనో ఆర్3లో 0, 1 పిన్నులే యూఎస్‌బీకి కూడా, సెన్సార్ వైర్ తీయకుండా కోడ్ ఎక్కించబోతే ఎక్కదు, ఉనో పోయిందని కంగారుపడకండి.

బోర్డు మూడో రోజు మళ్ళీ పెట్టాం. ఈసారి బియ్యం సంచి కాదు, బకెట్‌తో నీళ్ళు పోస్తూ, తీస్తూ చూశాం, ధారతో పాటే అంకె ఎక్కుతోంది. బాబాయ్ ఈసారి భుజం తట్టలేదు, పొద్దున ఏడు దాకా ఆగి చూశాడు. మామ్మగారు వచ్చి రెండున్నర పోసి, బోర్డు మీద రెండున్నరే చూసి, "మొన్నటి బోర్డే బాగుందిరా అబ్బాయ్" అంది.

మీ సెన్సార్ పంపే లైన్ ఒకటి, మీ లూప్ ఇక్కడ పెట్టండి. లైన్‌కి ఎన్ని అక్షరాలో, లూప్‌లో మొత్తం ఎంత డిలే ఉందో తెలిస్తే మీ స్క్రీన్ ఎన్ని సెకన్లు వెనక ఉందో నేనే చెప్తా, మీరు తూకం రాయి పెట్టి సరిచూసుకోండి.