గాయాన్ని మాన్పే రక్తనాళాలే క్యాన్సర్‌నీ పెంచుతాయా?

అవును, రెండుచోట్లా జరిగే పని ఒకటే. తేడా అంతా ఎప్పుడు ఆగుతుందన్న దగ్గరే.

మోకాలు దోక్కుపోయినప్పుడు పక్కు ముందే ఊడితే కింద ఎర్రగా, గరుకుగా కొత్త కండ కనిపిస్తుంది. తాకితే చాలు, రక్తం వస్తుంది. కారణం, అందులో అప్పుడే మొలిచిన సన్నటి రక్తనాళాలు కిక్కిరిసి ఉంటాయి. ఆక్సిజన్ అందని కణాలు వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వదులుతాయి. పక్కనున్న నాళాలు అటువైపు కొమ్మలు వేస్తాయి. గాయం పూడాక ఆ పిలుపు ఆగిపోతుంది, అదనపు నాళాలు కరిగిపోతాయి, మచ్చ పాలిపోతుంది.

కణితి కూడా అదే పిలుపు పంపుతుంది, కానీ ఆపదు. కొత్త నాళాలు లేకపోతే కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగలేదని అమెరికన్ సర్జన్ జూడా ఫోక్‌మన్ 1971లోనే వాదించాడు. అప్పట్లో చాలామంది నమ్మలేదు. కణితి నాళాలు వంకరటింకరగా, కారుతూ ఉంటాయి. అందుకే మందు లోపలికి సమంగా చేరదు. పైగా క్యాన్సర్ కణాలు వేరే అవయవాలకు పాకడానికి అవీ ఒక దారి.

వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్ అనే మందుకు 2004లో అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. ఇది అద్భుతమేమీ కాదు. సాధారణంగా కీమోతో కలిపి ఇస్తారు, ముదిరిన క్యాన్సర్‌లో కొన్ని నెలలు కలిసొస్తాయి. కానీ ఈ మందు మీదుంటే ఆపరేషన్ కుట్లు సరిగ్గా మానకపోవచ్చు. అందుకే సర్జరీకి కనీసం 28 రోజుల ముందే దీన్ని ఆపుతారు.