పాత షాట్‌గన్ చెక్క బట్ అతికించినా మళ్లీ ఎందుకు చీలుతుంది?
చీలికలో ఏళ్ల తరబడి ఇంకిన గన్ ఆయిల్‌ను తీయకుండా అతికిస్తే ఏ జిగురూ నిలవదు. ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) చెక్క పీచును పట్టుకోవాలి. మధ్యలో నూనె ఉంటే కాల్పుల అదురుకు ఊడొస్తుంది.

ఉదాహరణకు, డబుల్ బ్యారెల్ 12 బోర్ తుపాకీ బట్ మెడ (చేత్తో పట్టుకునే సన్నటి భాగం) దగ్గర చీలిందనుకోండి. తూటాలు లేవని చూసుకుని, ఇనుప భాగాలు విప్పి, నల్లటి జిడ్డు రావడం ఆగేదాకా చెక్కను అసిటోన్‌తో కడగాలి (నిప్పు దరిదాపుల్లో ఉండకూడదు). బాగా ఆరాక చీలికను కొద్దిగా తెరిచి, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీని అడుగుదాకా దించాలి. సైకిల్ ట్యూబు చుట్టి బిగించి 24 గంటలు కదపకూడదు. ఇనుప తోక (ఇనుప భాగం నుంచి వెనక్కి చెక్కలోకి సాగే పట్టీ) చివర వెనక ఉన్న చెక్కకు ఆనుతుంటే అక్కడ సన్నటి సందు తీయాలి. అసలు చీలిక మొదలయ్యేది చాలాసార్లు అక్కడే.

స్క్రూ దించితే చాలని చాలామంది అనుకుంటారు. సరైన రంధ్రం లేకుండా దించిన స్క్రూ చీలికను ఇంకా తెరుస్తుంది.