ప్రార్థనలో చెడ్డ ఆలోచనలు... నేను పాపినా?

ప్రశ్న: నా వయసు 24. చిన్నప్పటి నుంచీ భక్తి ఎక్కువ. కొన్ని నెలలుగా ప్రార్థనకు కూర్చుంటే చాలు, దేవుణ్ణి తిట్టే మాటలు, బయటికి చెప్పుకోలేని దృశ్యాలు మనసులోకి వస్తున్నాయి. వచ్చిన ప్రతిసారీ క్షమించమని వేడుకుని మళ్లీ మొదటి నుంచి చేస్తున్నాను. పది నిమిషాల ప్రార్థనకు గంటన్నర పడుతోంది. ఆఫీసుకు రోజూ లేటే. ఇంట్లో చెబితే ‘ఏదో పాపం చేసుంటావు, ఇంకా ఎక్కువ ప్రార్థించు’ అన్నారు. ఫ్రెండేమో దేవుణ్ణే వదిలెయ్యమంటోంది. నేను పాపినా? పిచ్చి పడుతోందా?
– ఓ పాఠకురాలు

జవాబు: రెండూ కాదమ్మా. మీరు రాసింది చూస్తే ఓసీడీలా ఉంది. అంటే వద్దన్నా అవే ఆలోచనలు రావడం, ఆ భయం పోవడానికి చేసిందే మళ్లీ మళ్లీ చేయడం అనే మానసిక సమస్య. డాక్టర్ మిమ్మల్ని చూసి, మాట్లాడి తేల్చాలి. ఈ బాధతో వచ్చేవాళ్లు చాలామంది నా దగ్గర మొదట నిద్ర పట్టట్లేదనే చెబుతారు, అసలు సంగతి సిగ్గుతో దాచేస్తారు. మీరు ఇక్కడ రాసినట్టే డాక్టర్‌కూ చెప్పండి.

చెడ్డ ఆలోచన రావడం జబ్బు కాదు. 1978లో రాక్‌మన్, డిసిల్వా అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏ జబ్బూ లేనివాళ్లను అడిగితే, వాళ్లలోనూ ఎక్కువమంది ఇలాంటివి తమకూ వస్తాయన్నారు. వాళ్లు పట్టించుకోరు కాబట్టి అవి వచ్చినట్టే పోతాయి. మీరు హడలిపోయి, క్షమాపణ చెప్పి, మళ్లీ మొదలుపెడుతున్నారు. దాంతో కాసేపు మనసు కుదుటపడుతుంది. జబ్బుకు మేత అదే.

ఓసీడీ మనం దేన్ని ప్రాణంగా చూసుకుంటామో దాన్నే పట్టుకుంటుంది. పసిబిడ్డ తల్లికి బిడ్డను ఏదైనా చేసేస్తానేమోనని భయం. భక్తులకు దైవదూషణ భయం. మీరే మతమో రాయలేదు, నాకు అవసరమూ లేదు. 17వ శతాబ్దంలో ఇంగ్లండు క్రైస్తవ బోధకుడు జాన్ బన్యన్ ఇలాంటి ఆలోచనలే తనను పీడించాయని రాసుకున్నాడు. ముస్లిములు వస్వసా అనే పేరుతో దీన్ని శతాబ్దాలుగా ఎరుగుదురు. దేవుడంటే పట్టింపు లేనివాళ్లను ఈ ఆలోచన ఇంతగా ఏడిపించదు.

మీవాళ్లు చెప్పినట్టు ప్రార్థన పెంచితే జబ్బే పెరుగుతుంది. దేవుణ్ణి వదిలేస్తే మీకున్న ఆసరా పోతుంది, జబ్బు ఇంకోదాన్ని పట్టుకోవచ్చు. మీ విశ్వాసాన్ని ఎగతాళి చేసే థెరపిస్టు తగిలితే మొహమాటపడకుండా మార్చేయండి.

దీనికి ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అనే థెరపీ ఉంది. భయపెట్టే ఆలోచనను రానిచ్చి, దానికి విరుగుడుగా చేసే పనిని మానడం అన్నమాట. ఆలోచన వచ్చినా ప్రార్థన ఆపరు, వెనక్కి వెళ్లరు, క్షమాపణ అడగరు. ముందు టెన్షన్ పెరుగుతుంది, కాసేపటికి దానంతటదే దిగుతుంది. ఒకసారి చేసిన ప్రార్థన చెల్లుతుందా అని మీ మతగురువును అడగండి. చెల్లుతుందంటే ఆ ఒక్కసారే మీకు హద్దు. ఆయన్ను మళ్లీ మళ్లీ అడగాలనిపిస్తుంది, అడగొద్దు.

మందులు రాస్తే అవి పూర్తిగా పనిచేయడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. నెలకే గుణం లేదని మానేసేవాళ్లు చాలామంది. మానాలనిపిస్తే ముందు డాక్టర్‌తో మాట్లాడండి.